వెచ్చటి గది

నవంబరు 4

ఇవాళ్టి నుంచి రాసుకుంటాను. ఎవరికీ చూపించడానికి కాదు. నేను మరిచిపోయినా కాగితం మరిచిపోదు కదా, అందుకు.

పొద్దున అల్లుడి పేరు గుర్తుకు రాలేదు. వియ్యపురాలు ఫోన్ చేసి ఓడ ఏ రేవులో ఉందో, వాళ్ళబ్బాయి ఎంత చిక్కిపోయాడో చెబుతుంటే ఊ కొడుతూ కూర్చున్నాను. పేరు పెట్టి ఒక్క మాట అడుగుదామంటే నోటికి రాలేదు. ఫోన్ పెట్టేశాక ఇస్త్రీ చేస్తూ 'అ' దగ్గర మొదలుపెట్టి అక్షరాలన్నీ వరసగా వెతుక్కుంటూ పోయాను. 'ర' దగ్గర దొరికింది. పోయిన నగ దొరికినంత సంబరపడ్డాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

అమ్మకి కూడా పేర్లతోనే మొదలైంది. అప్పటికి అమ్మది నా వయసే.

నవంబరు 7

హోటల్ నుంచి మూటలు వచ్చాయి. టేబుల్ గుడ్డలు, చేతి రుమాళ్ళు, వంటవాళ్ళ ఏప్రాన్లు. ఉతకడం ఒక ఎత్తు, ఆరబెట్టడం ఒక ఎత్తు. ఇదివరకు గ్యాస్ డ్రయర్ ఒక్కసారి తిప్పితే పెళపెళలాడుతూ బయటికొచ్చేవి. ఇప్పుడు రెండోసారి తిప్పినా అంచులు చెమ్మగానే ఉంటున్నాయి. మిషను పైభాగం మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడి. జాలీలో పేరుకున్న నూగు ప్రతిసారీ తీస్తూనే ఉన్నాను, అందులో నా లోపం లేదు.

ఆయనతో చెబితే, "దానికీ వయసొచ్చింది, మనకీ వచ్చింది. మనల్ని ఎవరైనా పారేస్తున్నారా?" అన్నారు. బస్సు నడిపే మనిషికి ప్రతి మిషనూ తన బస్సులాగే కనిపిస్తుంది. గేరు పడకపోతే ఓ దెబ్బేసి ముందుకు పోవడమే.

చలి మొదలైంది. వెనక గది కిటికీ సందులన్నిటికీ ఆయన టేపు అంటించారు. డ్రయర్ నడుస్తుంటే ఆ గది కోడి పొదిగే గంపలా ఉంటుంది. ఇల్లంతటికీ వెచ్చగా ఉండేది అదొక్కటే.

నవంబరు 12

తలనొప్పి. కళ్ళజోడు మార్చుకోవాలి.

నవంబరు 15

ఇస్త్రీపెట్టె గుడ్డ మీద పెట్టి అలాగే నిలబడిపోయాను. ఏం ఆలోచిస్తున్నానో తెలీదు. అసలు ఆలోచిస్తున్నానో లేదో కూడా తెలీదు. వాసన ముక్కుకి తగిలేసరికి తెల్లటి టేబుల్ గుడ్డ నడిమధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారంలో మాడిపోయి ఉంది.

ఆ గుడ్డని మడిచి చెత్తబుట్ట అడుగున పెట్టి, పైన కూరగాయల తొక్కలు కప్పాను. ఆయన వచ్చి "ఏదో మాడిందా?" అన్నారు. మిషను వాసన అన్నాను. నమ్మారు. నేను అబద్ధం చెప్పగలనని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అదొక్కటే నాకు మిగిలిన ఆస్తి.

నవంబరు 19

అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ బిల్డింగులో లిఫ్టు పాడైందట, బాగుచేయడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికీ తెలీదట. ఏడో నెల పొట్టతో నాలుగు అంతస్తులు ఎక్కి దిగడం తనవల్ల కావట్లేదంది. అల్లుడు ఓడ దిగేది ఎండాకాలానికి గాని కాదు.

"నీ దగ్గరికి వచ్చేస్తానమ్మా. పురుడయ్యాక నేను ఆఫీసుకెళ్తే బిడ్డ కూడా నీ దగ్గరే. నువ్వుండగా నాకేం భయం?"

"రా తల్లీ. దీనికి అడగాలా?" అన్నాను.

ఫోన్ పెట్టేసి వెనక గదిలో స్టూలు మీద కూలబడ్డాను. నువ్వుండగా నాకేం భయం. ఆ భయం ఏదో నేనే.

నవంబరు 22

అమ్మాయికి వెనక గదిలోనే పక్క వేశాం. ముందు గదిలో చలికి పళ్ళు టకటకలాడతాయి, పొట్టతో ఉన్న పిల్లని అక్కడ పడుకోబెడతామా! మంచానికి చోటు చాలకపోతే ఆయన డ్రయర్‌ని భుజంతో తోసి గోడకి ఆనించేశారు. వెనక నుంచి గోడ బయటికి పోయే రేకు గొట్టం కరకరమంది.

"విరిగిందా?" అన్నాను.

"దానికేం కాదు. నా నడుమే విరిగింది," అన్నారు.

మిషనుకీ మంచానికీ మధ్య తెర కట్టాను.

నవంబరు 27

వచ్చింది. పొట్ట ముందు, పిల్ల వెనక. గుమ్మంలోకి రాగానే నా మెడ చుట్టూ చేతులేసి వేలాడింది, చిన్నప్పటిలాగే.

గదిలోకి వెళ్ళి మంచం మీద వాలి, "అబ్బ, ఎంత వెచ్చగా ఉందమ్మా! ఇక్కణ్ణుంచి నన్నెవరూ లేపద్దు," అంది.

ఎవరూ లేపలేదు. సాయంత్రం దాకా పడుకుంది.

నవంబరు 30

బిడ్డకి టోపీ అల్లడానికి పసుపు రంగు ఊలు కొన్నాను. దుకాణం ఆవిడ "చంటిబిడ్డకా?" అంది. అవునన్నాను. "మనవడా, మనవరాలా?" అంది. ఎవరైతే ఏం, నెత్తికి చలి ఒకటేగా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

తలనొప్పి తగ్గలేదు. కళ్ళజోడు.

డిసెంబరు 2

బిడ్డకి టోపీ అల్లడానికి పసుపు రంగు ఊలు కొన్నాను. దుకాణం ఆవిడ నన్ను వింతగా చూసింది. ఎందుకో తెలీదు. ఎవరైతే ఏం, నెత్తికి చలి ఒకటేగా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఇంటికొచ్చి సంచి తెరిస్తే లోపల ఇంకో పసుపు ఊలు ఉండ ఉంది.

వెనక పేజీ తిప్పి చూశాను. తిప్పకుండా ఉండాల్సింది.

డిసెంబరు 5

"అమ్మా, టీ తాగావా అని ఇప్పటికి మూడుసార్లు అడిగావు."

"ఊరికే, నీ నోట మాట వినాలని."

నవ్వింది. పిచ్చిది, నమ్మింది. తనకీ తల బరువుగా ఉంటోందట, కడుపులో తిప్పుతోందట, పొద్దస్తమానం నిద్రొస్తోందట. ఏడో నెల అంటే అలాగే ఉంటుందిలే అన్నాను, పదిమందిని కన్నదానిలా. నేను కన్నది దీన్నొక్కదాన్నే. నాకు ఏడో నెలలో ఎలా ఉండేదో నిజానికి గుర్తు లేదు. ఇది మామూలు మరుపో, ఆ మరుపో.

డిసెంబరు 9

దారం కొనాలని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒక్కదాన్నే. ఎదురుగాలిలో నడిచి వెళ్ళి, అక్కడ వరండాలో చాలాసేపు కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి బుర్ర కడిగిన అద్దంలా ఉంది. వెనక్కి అంకెలు లెక్కపెట్టమన్నాడు, పెట్టాను. గడియారం బొమ్మ గీయమన్నాడు, గీశాను. చెప్పిన మాటలు కాసేపాగి మళ్ళీ చెప్పమన్నాడు. ఒక్కటీ తప్పలేదు.

"మీకేం లేదమ్మా. దిగులు ఎక్కువైంది. పని కాస్త తగ్గించుకోండి."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. సంతోషం రాలేదు. అమ్మా అంతే. బయటివాళ్ళ ముందు చిలకలా మాట్లాడేది, ఇంట్లోకి వచ్చి చెప్పులు అన్నంగిన్నెలో పెట్టేది. ఈ జబ్బుకి టక్కరితనం ఉంది. డాక్టర్ని చూస్తే దాక్కుంటుంది.

డిసెంబరు 13

హోటల్ మేనేజరు స్వయంగా వచ్చాడు. రుమాళ్ళు ముక్కవాసన వేస్తున్నాయట. ఒకటి తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. నిజమే.

"ఇన్నేళ్ళ నుంచి మీ పనికి వంక పెట్టలేదమ్మా. ఇలాగైతే వేరేవాళ్ళని చూసుకోవాల్సి వస్తుంది."

అప్పటి నుంచి ప్రతి వాయీ మూడేసి సార్లు తిప్పుతున్నాను. పొద్దున పెట్టిన మిషను చీకటి పడేదాకా ఆగట్లేదు. కిటికీ అద్దాల మీంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి. గోడ కూడా చెమర్చింది. అయినా గుడ్డలు ఆరవు. నా చేతికి ఏదీ లొంగట్లేదు. మిషను, గుడ్డలు, మాటలు.

మధ్యాహ్నం తెర దగ్గర పడ్డాను. కాళ్ళు వాటంతట అవే మడతపడ్డాయి. అమ్మాయి నిద్రలో ఉంది, చూడలేదు. మంచిదైంది.

డిసెంబరు 14

ఏదో రాద్దామనుకున్నాను.

డిసెంబరు 17

నిజం రాస్తాను. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంకెక్కడా చోటు లేదు.

నేను ఆ బిడ్డని ఎత్తుకోవడానికి పనికిరాను. నిన్నంతా అదే కళ్ళ ముందు. బిడ్డకి నీళ్ళు పోస్తూ, ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడిపోయినట్టు నిలబడిపోతే? బిడ్డని మంచం అంచున పెట్టి, పెట్టానని మరిచిపోతే? అది ఏడుస్తుంటే ఎవరి పిల్లో ఏడుస్తోందని కిటికీ మూసుకుంటే? అమ్మ చివరి రోజుల్లో నన్ను చూసి, ఈ పిల్లకి ఎవరైనా అన్నం పెట్టండి పాపం అనేది, వీధిలో పిల్లననుకుని.

అమ్మాయికి చెప్పాలి. చెబితే ఎక్కడికి పోతుంది? నాలుగో అంతస్తు మెట్ల కిందకా? మొగుడు సముద్రంలో, నేను ఇలా. ఆయనకి చెబితే నవ్వి తీసిపారేస్తారు. తర్వాత ఒక రోజు నవ్వడం ఆపేస్తారు. ఆ రోజుని నేను చూడలేను. నాన్న మొహంలో చూశాను ఒకసారి.

చివరికి అక్కకి ఫోన్ చేశాను. ముందు గదిలో దుప్పటి కప్పుకుని, గొంతు తగ్గించి.

"అక్కా, అమ్మ జబ్బు నాకొచ్చిందే."

అక్క జీవితమంతా సినిమాహాలు కిటికీ వెనక కూర్చుని టికెట్లు అమ్మింది. దాని గొంతు అవతలి వీధికి వినిపిస్తుంది. అలాంటిది గుసగుసగా అడిగింది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నేనొచ్చాక చూద్దాం," అంది. ఫోన్ పెట్టేసే ముందు, "చిన్నీ, నా పేరేంటి?" అంది.

చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

డిసెంబరు 19

అక్క వచ్చింది. రాగానే నా గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది, సంతలో పశువుని చూసినట్టు. "బానే ఉన్నావు. కాస్త తెల్లబడ్డావు," అంది. అంతే. రేపు మూటల పనిలో సాయం చేస్తానంది.

డిసెంబరు 21. ఆస్పత్రి వరండా

అమ్మాయి లోపల ఉంది. మొహానికి ఆక్సిజన్ తొడిగారు. బిడ్డ గుండె చప్పుడు ఉంది. ఉంది. ఉంది అని మూడుసార్లు రాస్తున్నాను.

నిన్న జరిగింది జరిగినట్టు రాయాలి, ఇప్పుడే, మళ్ళీ చెదిరిపోకముందే.

పొద్దున్నే ఆయన డ్యూటీకి వెళ్ళారు. నేనూ అక్కా డ్రయర్ పక్కన కూర్చుని రుమాళ్ళు మడుస్తున్నాం. తెర అవతల అమ్మాయి నిద్రపోతోంది. కాసేపటికి అక్క నుదురు పట్టుకుంది.

"ఒసేయ్, నా తల పగిలిపోతోందే. బస్సు కుదుపులకి కాబోలు."

వెనక మెట్ల మీదికి వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చింది. తగ్గిందంది. మళ్ళీ కూర్చుంది. నాలుగు మడతలు పెట్టిందో లేదో మళ్ళీ నుదురు పట్టుకుంది.

"ఇదేం దయ్యమే? లోపలికొస్తే పట్టుకుంటోంది, బయటికెళ్తే వదిలేస్తోంది. కళ్ళు కూడా తిరుగుతున్నాయి."

నా చేతిలో రుమాలు అలాగే ఉండిపోయింది.

"నీకూనా?" అన్నాను.

"నాకూ ఏంటి? నీకూ ఉందా?"

అప్పుడు తెర కదిలింది. అమ్మాయి గోడ పట్టుకుని నిలబడి ఉంది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, పెదవులు ఎండిపోయాయి. "అమ్మా, వాంతి వచ్చేట్టుంది," అంది. తర్వాత, చాలా మామూలుగా, పాలవాడు రాలేదని చెప్పినట్టు, "పొద్దుట్నుంచి లోపల కదలిక తెలీట్లేదు," అంది.

అక్క ఒక్క ఊపున లేచి కిటికీ టేపు చర్రున పీకి తలుపులు బార్లా తెరిచింది. "బయటికి! ముందు బయటికి నడవండి!" అని అరిచింది. ఆ గొంతు అవతలి వీధికి వినిపించే ఉంటుంది. నేను మిషను ఆపాను. అదెలా గుర్తొచ్చిందో, ఆపాను. ముగ్గురం వెనక మెట్ల మీద పడ్డాం. ఆ చలిలో అమ్మాయికి హోటల్ టేబుల్ గుడ్డలు చుట్టబెట్టాను, ఒకదాని మీద ఒకటి. పక్కింటాయన అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

ఇక్కడ డాక్టరమ్మ మొదట అడిగింది పొట్ట గురించి కాదు. "ఇంట్లో ఇంకెవరికైనా తలనొప్పి ఉందా?" అంది.

"ముగ్గురికీ ఉంది," అంది అక్క.

"గ్యాస్‌తో నడిచేవి ఏమున్నాయి?"

"పొయ్యి. బట్టలారబెట్టే మిషను," అన్నాను.

అందరి రక్తమూ తీసుకున్నారు. డ్రయర్‌లో గ్యాస్ మండినప్పుడు వచ్చే పొగ గొట్టంలోంచి బయటికి పోవాలట. గొట్టం మూసుకుపోతే ఇంట్లోకే తిరిగొస్తుందట. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుందట. రంగుండదు, వాసనుండదు. మనిషికి మగత, మరుపు, తలనొప్పి. కడుపులో బిడ్డకి తల్లికంటే ఎక్కువ చేటు.

"మీకెన్నాళ్ళ నుంచి ఉందమ్మా తలనొప్పి?" అని నన్ను అడిగింది.

అమ్మాయి మంచం మీంచి నన్నే చూస్తోంది.

"దగ్గర దగ్గర రెండు నెలలు," అన్నాను.

అమ్మాయి మాస్కు పక్కకి లాగేసింది. "రెండు నెలలా?"

"మరుపు కూడా ఉంది. పడిపోయాను కూడా. అమ్మమ్మ జబ్బు అనుకున్నాను. నువ్వు భయపడతావని..."

"నేను ఆ గదిలో పడుకున్నానమ్మా." అరవలేదు. అరిచినా బాగుండేది. "నువ్వు ఒక్క ముక్క చెప్పుంటే ఎవరో ఒకళ్ళం చూసేవాళ్ళం కదా. నేను ఆ గదిలో పడుకున్నాను."

నర్సు మాస్కు సరిచేసింది. అమ్మాయి గోడవైపు తిరిగిపోయింది.

నాకు పిచ్చి లేదు. ఈ మాట కోసం రెండు నెలలు వెయ్యి దేవుళ్ళకి మొక్కాను. ఇప్పుడు దొరికింది, ఏం చేసుకోవాలో తెలీట్లేదు.

డిసెంబరు 23

బిడ్డ కదులుతోంది. నిన్నటికంటే నయమట. తర్వాత ఎలా ఉంటుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరట. అమ్మాయి నాతో మాట్లాడదు. అక్కని తోడుంచి నన్ను ఇంటికి పంపేసింది. "అమ్మని ఇంటికెళ్ళమను పెద్దమ్మా" అని, నేను ఎదురుగా ఉండగానే.

గ్యాస్ కంపెనీ మనిషి వచ్చి మిషనుకి వెళ్ళే గ్యాస్ కట్టేసి, గొట్టం మార్చేదాకా ముట్టుకోవద్దని చీటీ అంటించి పోయాడు. మిషను జోలికి వెళ్ళొద్దన్నాడు గాని గొట్టం కడగొద్దనలేదు. చేతులు ముడుచుకుని కూర్చుంటే చచ్చిపోతాననిపించింది. ఆయనతో, "మిషను ఇవతలికి లాగండి," అన్నాను. మారుమాటాడకుండా ప్లగ్గు పీకి, మిషను లాగారు.

వెనక గొట్టం నలిగి, నమిలి ఉమ్మేసిన చెరుకు పిప్పిలా ఉంది. దాన్ని బిగించిన పట్టీ మర విప్పి ఊడదీశాను. లోపల ఖాళీ అన్నది లేదు. బూడిదరంగు నూగు చెమ్మకి అట్టకట్టి, కంబళిలా బిగిసిపోయింది. వేళ్ళతో పీకాను. పీకేకొద్దీ వస్తోంది. జాలీ శుభ్రంగా ఉందని ఎన్నిసార్లు మురిసిపోయానో! జాలీని దాటి, దాని పక్క సందుల్లోంచి జారిపోయిందంతా ఇక్కడ చేరింది. రుమాళ్ళ ఎర్ర అంచు దారాలు, ఒక ఏప్రాను బొత్తం, పళ్ళు కుట్టుకునే పుల్లలు, ఎవరిదో పొడుగాటి వెంట్రుక. ఇన్నేళ్ళు నేను ఉతికిన పనంతా పొరలు పొరలుగా. రెండు బకెట్లు నిండాక కూడా గోడలోని గొట్టం మిగిలే ఉంది. భుజం దాకా చెయ్యి పెట్టాను. అందినంత లాగాను. సీసాలు కడిగే బ్రష్షుని చీపురుకర్రకి కట్టి పొడిచాను. అటువైపు ఏదో మెత్తగా అడ్డుపడుతోంది, కదలట్లేదు.

"బయటి నుంచి చూస్తాను," అని ఆయన స్టూలు, కటింగ్ ప్లేయరు తీసుకుని వెళ్ళారు.

నేను గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. అటునుంచి గీరుతున్న చప్పుడు, తీగ తెగుతున్న చప్పుడు. ఒక్కసారిగా ఏదో దభీమని కింద పడింది. గొట్టంలోంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. వెలుతురు వచ్చింది. వంగి చూస్తే అటు చివర ఆయన కన్ను.

ఆ కన్ను తప్పుకుని, అక్కడ నూగు పట్టిన తీగ వల ముక్క కనిపించింది.

"గొట్టం మూతికి ఈ వల నేను కట్టిందే," అన్నారు. గొట్టంలోంచి ఆ మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "నూగంతా దీనికే పట్టేసింది. తలుపులా మూసేసింది. నేనే కట్టాను. తర్వాత మిషనుని తోసింది కూడా నేనే."

"వానాకాలంలో ఎలుకలొస్తున్నాయి, కట్టండని మీ ప్రాణం తీసింది నేను," అన్నాను.

"నువ్వు సన్నటి వల కట్టమన్లేదు కదా."

"చూసి కట్టమనీ అన్లేదు."

ఆయన ఏడుస్తున్నారు. పెళ్ళయ్యాక ఆయన ఏడుపు వినడం అదే మొదలు. ఎదురుగా ఉంటే ఏడ్చేవారు కాదేమో, మధ్యలో గోడ ఉండబట్టి ఏడ్చారు. నేను గొట్టంలోకి నోరు పెట్టి, "లోపలికి రండి, చలి," అన్నాను. రాలేదు. నేనూ లేవలేదు. అలా గోడకి చెరో పక్కన ఉండిపోయాం.

"తలనొప్పని నాకైనా చెప్పాల్సింది," అన్నారు చివరికి.

"మీరు నవ్వుతారనుకున్నాను."

"నవ్వేవాణ్ణే," అన్నారు.

జనవరి 6

అమ్మాయిని ఇంటికి పంపేశారు. ఈ ఇంటికి కాదు. లిఫ్టు బాగైందట. అక్క తోడు వెళ్ళింది. నన్ను రమ్మని ఎవరూ అనలేదు.

తలనొప్పి పోయింది. పేర్లన్నీ వచ్చేస్తున్నాయి. హోటల్‌లో సర్వర్ల పేర్లు కూడా. ఎందుకు నాకవి?

జనవరి 11

అక్కతో ఫోన్లో అడిగాను. "అమ్మది కూడా ఇలాంటిదేనేమోనే? మనకి తెలియక..."

"కాదు చిన్నీ. అమ్మ ఆరుబయట వండేది. ఆ పెంకుటింట్లో గాలి దూరని సందు లేదు. అమ్మది ఆ జబ్బే."

కాబట్టి నాకు ఎప్పటికీ రాదని హామీ ఏమీ లేదు. ఇప్పటికి మాత్రం రాలేదు.

జనవరి 30

ఆడపిల్ల. నెల తక్కువ. బొటనవేలంత మొహం. అద్దం బయటి నుంచి చూపించారు. అమ్మాయి కళ్ళు మూసుకుని పడుకుంది, నిద్రపోతోందో లేదో. నేను తన పాదాల మీద చెయ్యి వేశాను. కాళ్ళు లాక్కోలేదు. మాట్లాడనూ లేదు.

ఫిబ్రవరి 18

ఇనపరేకు గొట్టం వేయించాం, వంపుల్లేకుండా తిన్నగా. గదిలో విషవాయువు చేరితే మోగే గంట గోడకి పెట్టించాం. గ్యాస్ మనిషి వచ్చి సరిచూసి, సరే వాడుకోమన్నాడు. నేను వాడలేదు. హోటల్ గుడ్డలు ఇల్లంతా తాళ్ళ మీద వేలాడదీస్తున్నాను. ఆయన తల వంచుకుని ఆ గుడ్డల మధ్య నుంచి నడుస్తున్నారు. ఆ గది తలుపు దగ్గరికి వేసే ఉంచుతున్నాను.

ఫిబ్రవరి 25

మిషను వేశాను. కిటికీ తెరిచి, గుమ్మంలో నిలబడి. ఒక్క వాయికే పెళపెళలాడుతూ వచ్చాయి. సంతోషం లేదు. పని అయింది, అంతే.

మార్చి 9

పొద్దున మిషను నడుస్తుండగా ఎవరో తలుపు కొట్టారు. తీస్తే అమ్మాయి. గుండెకి కట్టుకున్న గుడ్డలో బిడ్డ. చెప్పా పెట్టకుండా వచ్చింది. అక్క వాళ్ళ ఊరు వెళ్ళిపోయిందట. ఆఫీసులో ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టాలట, బిడ్డని తీసుకెళ్ళే చోటు కాదట.

"మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను. ఉంచుకుంటావా?"

చేతులు అప్పటికే చాచాను. చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. చెప్తే తీసుకెళ్ళిపోతుందని తెలుసు. ఏమీ లేదన్నట్టు నవ్వి, బిడ్డని అందుకుని, తలుపు వేసుకోవచ్చు. ఎవరికీ తెలీదు.

"నాకు పొద్దుట్నుంచి తల బరువుగా ఉంది," అన్నాను. "రాత్రి సరిగ్గా నిద్రపోలేదు, అందుకే అయ్యుంటుంది. ఆ గంట మోగలేదు. కానీ ఉంది. నీకు చెప్తున్నాను."

అమ్మాయి నా మొహంలోకి చూసింది. తర్వాత బిడ్డని అలాగే పొదువుకుని మెట్లు దిగి, ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది. నేను వెనక గది కిటికీలోంచి చూస్తున్నాను. గోడలోంచి గొట్టం బయటికొచ్చిన చోట ఆగి, ఒక చేత్తో బిడ్డ తల కప్పి, రెండో అరచేయి గొట్టం ముందు పెట్టింది. వేడి గాలికి దాని చేతి గాజు పక్కన ఉన్న చొక్కా అంచు రెపరెపలాడింది. చెయ్యి తీయలేదు. కాసేపు అలాగే ఉంచింది, చలి కాచుకుంటున్నట్టు.

మళ్ళీ చుట్టూ తిరిగి గుమ్మంలోకి వచ్చింది. గదిలోకి నడిచి గోడ మీది గంట పచ్చగా వెలుగుతోందో లేదో చూసింది. నా నుదుటి మీద మణికట్టు ఆనించి చూసింది, నేను దాని చిన్నప్పుడు చూసినట్టు.

"మాత్ర వేసుకున్నావా?"

"లేదు."

"వేసుకో. మిషను ఆపి ముందు గదిలో కూర్చోండి ఇద్దరూ. ఎక్కువైతే నాన్నకి కాదు, నాకు ఫోన్ చెయ్."

గుడ్డ ముడి విప్పి బిడ్డని నా చేతుల్లో పెట్టింది.